జీపు మొప్పలు

“సెయ్యి తియ్యత్తా! అది సేప కాదు, జీపు,” అన్నాడు గోవింద్.

గున్నమ్మ వినలేదు. నలభై ఏళ్లుగా చేపలమ్మే చెయ్యి అది. చేప మొప్ప ఎత్తి చూసినట్టు బానెట్ ఎత్తి లోపల తడిమింది. కొండదారుల్లో తిరగడానికి మేనల్లుడు పాత జీపు కొంటానంటే, బేరానికి తోడుగా చీపురుపల్లి వచ్చింది.

“వారం నుంచీ బయటికే తియ్యలేదమ్మా. తాళం తిప్పితే సాలు, స్టార్టవుతాది,” అన్నాడు జీపు అమ్మే మోహనకృష్ణ.

“వారం నుంచీ తియ్యకపోతే ఇంజను ఇలాగ కాల్తన్నాదేటి బాబూ? సల్లగుంటే స్టార్టవదని, మేమొచ్చే ముందే వేడెక్కించి ఉంచినావు. మాకు తెలవదేటి? నిన్నటి సేప మీద నీళ్లు జల్లి, ఇప్పుడే ఒడ్డుకొచ్చిందని మేమూ సెప్తాం.”

మోహనకృష్ణ తల దించుకున్నాడు. గోవింద్ మా అత్తంటే ఏమనుకున్నావన్నట్టు చూశాడు. అంతలోనే అతని మొహం మారింది.

“అత్తా, మొన్నాదివారం మా ఇంటికి వంజరం పంపినావు. అదీ ఇప్పుడే ఒడ్డుకొచ్చిందన్నావు కదేటి?”

గున్నమ్మ బానెట్ దించేసి, చక్రం దగ్గర చతికిలబడింది.

“టైర్లు మాత్రం కొత్తవేరా,” అంది.