పెద్ద డ్రమ్ముకు తోలు

కొల్లాపూర్ నుంచి బండి వస్తుంటే దాని మీద డ్రమ్ము ఒక్కటే కనపడింది. వెనక నడిచి వస్తున్న పర్వతాలు ఎవరికీ కనపడలేదు.

సంస్థానం రోజుల్లో ఊరేగింపుల ముందు మోగిన బ్యాండుమేళం అది. సంస్థానం పోయాక ఎవరి కొట్టంలోనో మూలన పడి ఉంది. పెద్ద డ్రమ్ము, రెండు చిన్న డ్రమ్ములు, చిలుము పట్టిన ఇత్తడి తాళాలు. విడిగా అమ్మేది లేదన్నారు. పర్వతాలు మందలో సగం గొర్రెలను అమ్మి మొత్తం కొనుక్కొచ్చాడు.

గొర్రెలు కాసేవాడికి బ్యాండు ఎందుకని ఊరంతా నవ్వింది.

నవ్వనీ. వాళ్ల పిల్లలకు చెవులు వినపడతాయి.

పర్వతాలు కూతురు ఉప్పలమ్మకు ఎనిమిదేళ్లు. దేవత పేరు పెట్టుకున్నారు గాని, ఆ పేరుతో పిలిస్తే పిల్ల ఒక్కసారీ తిరిగి చూడలేదు. పాలమూరు దవాఖానలో డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, పుట్టుకతోనే వినికిడి లేదు, ఇక రాదు అన్నాడు.

పర్వతాలు నమ్మలేదు. ఆ డ్రమ్ము కొడితే కృష్ణ అవతలి ఒడ్డుకు వినపడేదని చిన్నప్పుడు విన్నాడు. అంత దూరం పోయే మోత నా బిడ్డ చెవిదాకా పోదా అని భార్యను అడిగాడు. ఆశ గుర్వమ్మకూ ఉంది, పైకి అనడానికే భయం.

డ్రమ్ము చుట్టుచెక్క పగిలిన చోట వడ్రంగితో లక్క పోయించాడు. తాళాలను చింతపండుతో తోమాడు. జనుముతో కొత్త తాళ్లు పేనాడు. ఒక వైపు తోలు గట్టిగానే ఉంది. రెండో వైపు ఎలుకలు కొరికేశాయి.

తోలు పనికి లింగయ్య వచ్చాడు. గుర్వమ్మకు మేనమామ. కులదేవుడు బీరప్ప పండుగల్లో ఒగ్గు కథలకు డోలు కొట్టే ముసలాయన. అంగట్లో కొన్న తోలు చూపిస్తే చేత్తో కూడా ముట్టుకోలేదు.

"గిది మోగుతది గాని ఎవల్నీ పిలువది, అల్లుడా. డోలు ఎవల్ని పిలువాల్నో, వాళ్ల చేతిమేత తిన్న జీవం తోలే ఎయ్యాలె. మా తాత గట్లనే ఏసేటోడు."

చేతిమేత అనగానే, గడపలో ఉన్న గుర్వమ్మతో సహా ముగ్గురూ దొడ్డి వైపు చూశారు.

అక్కడ ఉప్పలమ్మ తన మేకపోతుకు తుమ్మకాయలు పెడుతోంది. తెల్లటి పోతు. వీపు మీద అరచేతి వెడల్పున నల్ల మచ్చ. అది పుట్టగానే తల్లి మేక చచ్చిపోతే, ఈ పిల్లే పాలలో వేలు ముంచి నాకించి బతికించుకుంది. ఎటు పోయినా ఆ మచ్చ మీద చెయ్యి వేసి నడుస్తుంది. కాయ నోటికి అందించిందంటే, అది తినేదాకా అడుగు కదపదు.

గుర్వమ్మ ఆ రోజు మెతుకు ముట్టలేదు. తెల్లారి పిల్లను తీసుకుని పుట్టింటికి బయలుదేరింది. గడప దగ్గర ఆగింది.

"వచ్చినంక పోతు కోసం ఎతుకుతది. ఏం చెప్పాలె?"

"ఇన్నంక అన్నీ నోటితోనే చెప్త," అన్నాడు పర్వతాలు.

తోలును సున్నం నీళ్లలో నానేశారు. లింగయ్య గీకితే వెంట్రుకలన్నీ ఊడొచ్చాయి. మచ్చ మాత్రం పోలేదు, ఆ నలుపు చర్మంలోనే ఉంది. తడి తోలును డ్రమ్ముకు బిగించి నీడలో ఆరబెట్టాక, నడిమధ్యన బూడిద రంగులో అలాగే తేలింది. లింగయ్య ఇంకోసారి కత్తి పెట్టబోతే పర్వతాలు చెయ్యి పట్టుకున్నాడు. తోలు పలచబడితే మోత తగ్గుతుందని అతని భయం.

తల్లీబిడ్డలు తిరిగి వచ్చిన పొద్దున ఉప్పలమ్మ ఇంట్లోకి రాలేదు. దారిలో ఏరుకున్న తుమ్మకాయలు ఒడి నిండా పట్టుకుని నేరుగా దొడ్డిలోకి పోయింది. వీళ్ల వైపు వీపు పెట్టి గొర్రెల మధ్య వెతుకుతోంది.

పర్వతాలు బీరప్పకు దండం పెట్టుకున్నాడు. గుడ్డలు చుట్టిన కర్ర ఎత్తి కొట్టాడు.

కోళ్లు చెల్లాచెదురయ్యాయి. గుర్వమ్మ చెవులు మూసుకుంది. నవ్విన ఊరు గోడల మీదికెక్కి చూసింది. దొడ్డిలో గొర్రెలు బెదిరి ఒక మూలకు దూకాయి.

గొర్రెలు ఎందుకు ఉరికాయో తెలియక ఉప్పలమ్మ వాటినే చూస్తూ నిలబడింది.

పర్వతాలు మళ్లీ కొట్టాడు. భుజం పట్టేసేదాకా కొట్టాడు.

అప్పుడు ఉప్పలమ్మ ఇటు తిరిగింది.

"ఇన్నది," అన్నాడు లింగయ్య.

పిల్ల దొడ్డి దాటి తిన్నగా డ్రమ్ము వైపే వస్తోంది. పర్వతాలు కర్ర వదిలేసి నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ చాచి, ఎన్నేళ్ల తర్వాతో, కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు.

ఉప్పలమ్మ అతని పక్కనుంచి పోయింది. తోలు మీది బూడిద మచ్చ మీద అరచెయ్యి పెట్టింది.

తర్వాత ఒడిలోంచి ఒక తుమ్మకాయ తీసి, మచ్చకు కొంచెం ముందు, నోరు ఉండాల్సిన చోట, అందించి పట్టుకుంది.

తినేదాకా ఆమె కదలదని ఇంట్లో అందరికీ తెలుసు.