కదిలిన గోలీలు

ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ ఓ సినిమాలోని దొంగలిద్దరు వెలుగుబొమ్మలై నడిచొస్తారు. ఎంత పడినా దెబ్బ తగలని ఆ దొంగలంటే పిల్లలకి ప్రాణం. గుమ్మంలో గోలీలు పోస్తే జారి పడతారు. వట్టి వెలుగే కనుక గోలీలు మాత్రం కదలవు.

ఆ వారమూ ఎప్పటిలాగే గళ్ల చొక్కాలతో వచ్చారు. మేధ పోసిన గోలీల మీద జారి పొట్టివాడు దబ్బున పడ్డాడు. ఆ చిన్నారి పడీ పడీ నవ్వింది. ఒక గోలీ దొర్లుకుంటూ వచ్చి తల్లి నీలవేణి పాదానికి తగిలింది.

ఆమె చప్పున తలెత్తి చూసింది. పొడుగువాడి నడుముకి కత్తి ఉంది. తను పసిగట్టినట్టు వాళ్లకి తెలియకూడదు.

"నవ్వు తల్లీ, ఆపకు," అంటూ తనూ పకపకా నవ్వింది.

దొంగలు బీరువా వైపు నడిచారు. మేధ నవ్వాపి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకమ్మా అలా వణికిపోతున్నావ్?"

పొడుగువాడు వెనక్కి తిరిగాడు.