పక్క కుర్చీ

కంటి ఆసుపత్రి వరసలో, పక్క కుర్చీలో ముసలాయన్ని చూడగానే టైలరమ్మకి అసహ్యం వేసింది.

చొక్కా మీద ఎప్పటిదో కూర ఎండి పెచ్చు కట్టింది. ఒక గుండీ ఇంకో కాజాలో ఉంది. కంటి కొనల్లో పుసులు. ముక్కు తుడుచుకున్న చేత్తోనే కుర్చీ చేతులు తడుముతున్నాడు.

కుట్టు కాస్త వంకర పోతేనే ఓర్చుకోలేని మనిషి ఆమె. చీర కుచ్చిళ్లు దగ్గరకు లాక్కుని అంచుకు జరిగింది.

"ఈ కంపులో ఇంకెంతసేపే?" అంది చెల్లెలితో.

"షుగరున్న వాళ్లందరికీ చూస్తున్నారక్కా. చుక్కలేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల ఫొటో తీస్తారు. అందాకా ముక్కు మూసుకో."

"చుక్కలేస్తే సాయంత్రం దాకా మసకేనటగా! నా బట్టలు ఎవరు కుడతారు, నీ మొగుడా?"

"ఆయన కుడితే చొక్కాలో తల దూరదు."

టైలరమ్మ నవ్వుతూ జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. దారం కొస తడిచేసి ఒక్క విసురులో ఎక్కించింది.

"చూశావా? ఇదే నా కంటి పరీక్ష."

"దారం ఎక్కినంత మాత్రాన కళ్లు బాగున్నట్టు కాదమ్మా," అన్నాడు ముసలాయన, ఎటో చూస్తూ. "షుగరు తెగులు దొంగలా కంటి వెనకనుంచి వస్తుంది. నేనూ ఆ గోడమీది బోర్డులో చివరి వరస చదివేవాణ్ణి. ఇప్పటికీ నోటికొచ్చు."

గడగడా అప్పజెప్పాడు కూడా. తుంపర్లు ఆమె మోచేతి మీద పడ్డాయి.

"ఛీ!" అంటూ లేచింది.

ముసలాయన గాలిలో వెతుక్కుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి జిగురు జిగురుగా ఉంది.

"పోకమ్మా. చుక్కలు వేయించుకునే పో."

"చెయ్యి తియ్యవయ్యా! ముందు నీ మొహం కడుక్కో, తర్వాత నాకు నీతులు చెబుదువుగాని."

వరసలో వాళ్లు కిసుక్కున నవ్వారు. ఆయన చెయ్యి వదిలేశాడు.

"అక్కా, మన వంతు వచ్చేసిందే!" అని చెల్లెలు మొత్తుకుంటున్నా ఆగలేదు. కుళాయి దగ్గర మణికట్టు ఎర్రబడేదాకా రుద్ది కడుక్కుని ఇంటికి పోయింది.

కొన్నాళ్లకి, కాజా కుడుతుంటే తెల్లబట్ట మీద నల్లదారం కనబడింది. దులిపింది. పోలేదు. బట్ట మార్చింది. దారం ఆ బట్ట మీదికీ వచ్చింది. సాయంత్రానికి దారాలన్నీ చిక్కుపడి మసిగుడ్డలా కళ్లకు అడ్డంపడ్డాయి.

చెల్లెలు చెయ్యి పట్టుకుని మళ్లీ అక్కడికే తీసుకొచ్చింది.

"కంటి లోపల రక్తం కారింది," అంది డాక్టరమ్మ. "అప్పుడే చూపించుకునుంటే ఆపేవాళ్లం. ఇప్పుడు మిగిలింది నిలబడితే చాలు."

టైలరమ్మ వచ్చి అదే వరసలో కూర్చుంది. ఎవరో పక్కన కూర్చోబోయి, ఆగి, అవతలి కుర్చీలోకి జరిగిన చప్పుడైంది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా." చెల్లెలు కొంగుతో ఆమె జాకెట్టు మీద ఏదో తుడిచింది. "పొద్దున తిన్నది... ఒలికింది."

టైలరమ్మకి మళ్లీ అసహ్యం వేసింది. ఈసారి తన మీద తనకే.

అటుగా వెళ్తున్న నర్సుని ఆపింది. "అమ్మా, ఇక్కడ ఒక ముసలాయన కూర్చునేవాడు. కళ్లు లేనాయన. ఎక్కడుంటాడో చెబితే పోయి కాళ్లు పట్టుకుంటాను."

"ఆయన పోయిన నెల పోయారమ్మా." నర్సు గొంతు తగ్గింది. "ఒంటరి మనిషి. ఎవరెంత ఛీకొట్టినా, వరసలోంచి జనం లేచిపోకుండా ఆపాలని రోజూ వచ్చి కూర్చునేవారు."

"ఎవరమ్మా ఆయన?"

"ఏళ్ల తరబడి ఈ గదిలోనే అందరి కళ్లూ చూసి, షుగరున్న తన కళ్లు మాత్రం ఎవరికీ చూపించుకోని మా పెద్ద డాక్టరుగారు."