తిట్లు తిన్న నాయిక

"నీ నాయికని చదివేవాళ్లందరూ తిడుతున్నారమ్మా," అమ్మ చెప్పే ప్రేమకథని ఫోన్‌లో టైపు చేస్తూ అంది హిందతు. "మొగుణ్ణి అంతగా వలచింది, తొలిబిడ్డని ఒక్కసారైనా పేరుపెట్టి పిలవదేం, పాషాణమా అంటున్నారు."

తల్లి లారై పొయ్యి ఊదింది. "మన కానో ఊళ్లో ఏ తల్లి పిలిచిందే? తొలిబిడ్డ పేరెత్తితే సిగ్గులేనిదంటారు. ఆ తిట్టేవాళ్లు మాత్రం పిలిచి చచ్చారా?"

"కథలోనైనా పిలవనీవే. రేపు నీ తొలిబిడ్డ అత్తారింటికి పోతోంది."

లారై ఊదుగొట్టం పక్కన పెట్టింది.

"సరే, రాయి. పెళ్లికి ముందురోజు కూతుర్ని దగ్గరకి తీసుకుని, తల్లి పేరుపెట్టి పిలిచింది."

"ఏమని?"

లారై పెదాలు కదిలాయి, మాట రాలేదు. ముసుగు ముఖమ్మీదికి లాక్కుంది.

"దాని పేరు నీకు తెలుసుగా. రాసుకో."

హిందతు తన పేరు తనే టైపు చేసుకుంది.