రెండు కొసల మధ్య రంగు

"అసలు రంగు చెప్పేస్తాదా బాబూ?" అంది సూరమ్మ.

స్కానర్ మీద నలుపు తెలుపు పెళ్లి ఫోటో బోర్లా పడి ఉంది. తెర మీద పెళ్లికూతురు పీటల మీద తలొంచుకుని కూర్చుంది. కుచ్చిళ్ల దగ్గర లేతగా మొదలైన చీర భుజం మీదికి వచ్చేసరికి ముదురుగా మారుతోంది. ఆ రోజుల్లో షేడెడ్ చీరలంటే తెగ మోజు.

సందీప్ తెరనీ, ఎదురుగా ఉన్న మనిషినీ మార్చి మార్చి చూశాడు. జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి. పాతికేళ్లు మనిషిని ఎంత మార్చేస్తాయో అనుకున్నాడు.

రాయపూర్‌లో మోవా పేటలోని ఆ స్టూడియో నాగబాబుది. పాత ఫోటోలకు రంగులద్దే ప్రోగ్రాము మాత్రం సందీప్ రాసింది. ఊరు మొత్తంలో అలాంటిది ఇంకోటి లేదని నాగబాబు రైల్వే కాలనీ అంతా చాటింపు వేశాడు. సూరమ్మ అది వినే వచ్చింది.

"లెక్కగట్టి మరీ చెప్తుంది సూరమ్మగారూ" అన్నాడు నాగబాబు. "అయినా ఆడవాళ్లు మొగుడి పుట్టినరోజు మర్చిపోతారు గానీ, పెళ్లిచీర రంగు మర్చిపోతారటండీ?"

సూరమ్మ నవ్వి ఊరుకుంది.

"ఆయనుంటే అడుగుదును. పిల్లకి పెళ్లి కుదిరింది బాబూ. ఈ రంగు చీరే కట్టుకుని పీటల మీద కూకుంటానని ఒకటే జిద్ చేస్తోంది."

సందీప్ అప్పుడే నోరు విప్పాల్సింది. అతని ప్రోగ్రాముకి తెలిసింది ఒక్కటే విద్య. రెండు కొసల రంగులు ఇస్తే, మధ్యలో వచ్చే రంగులన్నీ లెక్క కడుతుంది. కంప్యూటరుకి ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల అంకెలే; ఒక కొసన ఎరుపు అంకె రెండు వందలు, రెండో కొసన వంద ఉంటే, సరిగ్గా సగంలో నూటయాభై. ఆకుపచ్చకీ నీలానికీ అదే లెక్క. కానీ ఆ కొసల రంగులు మనిషే ఇవ్వాలి. బూడిదరంగు ఫోటోలోంచి వాటిని పట్టుకోవడం బ్రహ్మతరం కూడా కాదు.

కాని తను రాసినదాన్ని ఎవరో అంతగా పొగుడుతుంటే కాదనబుద్ధి కాలేదు. తలూపాడు.

ఆవిడ వెళ్లాక పని మొదలుపెట్టాడు. ముందు చిలకపచ్చ, ఎరుపు ఇచ్చి చూశాడు. చీర మధ్యలో బురద తేలింది. పసుపూ నీలమూ ఇచ్చాడు. మధ్యలో మురికి బూడిద. చివరికి కింద నిమ్మపండు రంగు, పైన కనకాంబరం ఇచ్చేసరికి మధ్యలో మామిడిపండు రంగు తళతళమంది. అదే ఖాయం చేశాడు. నిజమని కాదు, చూడముచ్చటగా ఉందని.

"ఇదేనా ఆంటీ?" అని అడిగాడు, ప్రింటు చేతికిస్తూ.

సూరమ్మ చాలాసేపు చూసింది. ఫోటోలోని చీరను వేలితో తడిమింది.

"కంప్యూటరు చెప్పింది కదా బాబూ. ఇదే అయ్యుంటాది" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

సందీప్‌కి అది బాగా అనిపించలేదు. సర్దుకుపోయాడు.

తర్వాతి వారం సూరమ్మ కూతురు చాందిని మిఠాయి పట్టుకుని స్టూడియోకి వచ్చింది.

"థాంక్స్ భయ్యా. ఇన్నాళ్లూ నలుపు తెలుపులోనే చూశాను. ఇప్పుడు అమ్మ ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంది. తెల్ల పట్టు కొని పండ్రీ బజారులో రంగులద్దేవాడికి ఇచ్చేశాం. ఏకదమ్ ఇదే షేడ్ వేస్తానన్నాడు. ఈ సాయంత్రమే రంగులో ముంచేస్తాడట."

చేతిలోని లడ్డూ సందీప్‌కి తినబుద్ధి కాలేదు. తన సరదాకి ఎంచిన రంగుని తల్లి చీర అనుకుని, ఆ పిల్ల అందులోనే తాళి కట్టించుకోబోతోంది. తప్పు చేశాడు. చిన్న తప్పేం కాదు. ఆమె వెళ్లిపోయాక ఆ మాటే నాగబాబుతో అన్నాడు.

"ఎవరికి తెలుస్తుందిరా? వాళ్లు సంతోషంగా ఉన్నారు. నువ్వెళ్లి కెలక్కు" అన్నాడు నాగబాబు.

సందీప్ స్కూటర్ తీశాడు.

సూరమ్మ తన ఇంటి డాబా మీద ఒక్కతే కూర్చుని పెళ్లికి వడియాలు పెడుతోంది. అతను నిలబడే చెప్పాడు. కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

"కంప్యూటరుకి ఆ రంగు తెలీదు ఆంటీ. నేనే ఇచ్చాను. మీకు అబద్ధం చెప్పాను."

పిండిలో ముంచిన చెయ్యి ఆగిపోయింది.

"మరి లెక్క అన్నారు కదేటి?"

"మధ్యలోది లెక్కే. కొసలు మాత్రం నావి."

ఆవిడ తిట్టినా బాగుండును అనిపించింది సందీప్‌కి. సూరమ్మ ముఖం పాలిపోయింది. తెల్లబట్ట మీదున్న వడియాల కేసి అలా చూస్తూ ఉండిపోయింది.

"ఇంకా సాయంత్రం కాలేదు" అన్నాడు గబగబా. "రంగులవాడికి ఫోన్ చేస్తే ఆపుతాడు. నేను మళ్లీ చేస్తాను, రాత్రంతా కూర్చుని చేస్తాను. మీ పెళ్లి రోజు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి ఆంటీ. ఎరుపో, పచ్చో, ఏదో ఒక్క కొస చెప్పండి చాలు. కనీసం అదైనా నిజమవుతుంది."

సూరమ్మ పిండి చేతిని గిన్నె అంచుకి తుడుచుకుంది.

"ఏటని గుర్తు తెచ్చుకోను బాబూ, ఆ పీటల మీద కూకున్నది నాను కాదు, చాందినిని కని ఆ పురిట్లోనే పోయిన తల్లి."