స్టేజీకి వీపు పెట్టిన మనిషి

“ఏమండీ, స్టేజీ అటుంది.”

కంచె అని పిలిచే కుర్రాడు అలా అనగానే చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

ఆ పెద్దమనిషి నవ్వలేదు. కదల్లేదు. ఇనప రెయిలింగుకు నడుం ఆనించి, జనంవైపు తిరిగి నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చెవుల్లో దూది.

ఏ కచేరీకి వెళ్లినా ముందు వరుసలో రెయిలింగును అంటిపెట్టుకునే ఉంటాడని స్నేహితులు పెట్టిన పేరు కంచె. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని. ఇక్కడ వాయించబోయే బ్యాండంటే పడిచస్తాడు. గిటారు మోతలో కంప్యూటరు చప్పుళ్లు కలిపి వాళ్లు వాయించే పాటలు సినిమాల్లో ఉండవు, రేడియోలో రావు. అందుకే అవి తన సొంతమన్నట్టు మాట్లాడతాడు.

ఇవాళ చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఈమధ్యే కాలేజీలో చేరింది. ఆ పిల్లకిదే మొదటి కచేరీ.

పాత గోదాము. కంచె కూడా ఇక్కడికి రావడం ఇదే మొదలు. బయట ఎండ ఇంకా దిగలేదు కానీ లోపల కిటికీలన్నీ మూసి చీకటి చేసేశారు. వెనక తలుపుల్లోంచి జనం వస్తూనే ఉన్నారు.

ఆ మనిషి నిలబడింది సరిగ్గా గాయని మైకుకు ఎదురుగా. చెల్లెలికి ఆ చోటే ఇప్పిస్తానని కంచె ఇంట్లోనే మాటిచ్చాడు.

“పాట వినేవాళ్లకి, మా చెల్లికి, చోటియ్యండి. వినని మీకు ముందు వరుసెందుకు?”

“ఈ మూల మంచిది కాదు బాబూ. తోపులాటొస్తే ఇక్కణ్ణించి తప్పుకునే దారుండదు. చెల్లెల్ని ఆ గోడవైపు నిలబెట్టు.”

“తాతకి దగ్గులు నేర్పకండి!”

“తాత ఆయనేరా!” అన్నాడు వెనకనుంచి ఒకడు. మళ్లీ నవ్వులు.

పాట మొదలైంది. జనం ఒక్కసారిగా ముందుకు ఒరిగారు. ఆ మనిషి ఒక చెయ్యి అడ్డంపెట్టి, రెండో చేత్తో చెల్లెలి భుజం పట్టుకుని గోడవైపు జరిపాడు.

కంచెకు సందు దొరికింది.

“ఆడపిల్ల మీద చెయ్యేస్తావా?” అని గొంతు చించుకున్నాడు.

“అన్నయ్యా, ఆయనేం చెయ్యలేదు. పక్కకి జరగమన్నారంతే.”

“నువ్వూరుకో.”

ఆ సంగతి కంచెకూ తెలుసు. కళ్లారా చూశాడు. కానీ అప్పటికే నలుగురు వచ్చిపడ్డారు. మొదటి దెబ్బ ఎవరిదో తెలియలేదు. రెండోది కంచెదే. దరువు తప్పకుండా కొడుతున్నార్రా అని ఎవరో అంటే, కొట్టేవాళ్లు కూడా నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి.

ఆయన మొహం కాచుకోలేదు. రెండు చేతులా రెయిలింగును పట్టుకున్నాడు. కంచె ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు.

“ఆ పిల్లని మాత్రం అక్కడుంచకు బాబూ...”

కాపలావాళ్లు వచ్చి ఆయన్ని చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయారు.

“రావే, నీ సింహాసనం!”

చెల్లెలు బిక్కమొహంతోనే వెళ్లి ఆ చోట నిలబడింది. గాయని వంగి చెయ్యి చాచి ఆమె వేళ్లు తాకేసరికి అన్నీ మరచిపోయి నవ్వేసింది.

తర్వాత ఎత్తుకున్నది అక్కడున్న అందరికీ కంఠతా వచ్చిన పాట. వెనకవాళ్లు ముందుకు ఉరికారు. ముందువాళ్లకు పోవడానికి చోటు లేదు. కంచె పాదాలు నేల వదిలాయి. జనం తాకిడి అతణ్ణి ఎత్తుకుపోయి ఎక్కడో విసిరేసింది.

“అన్నయ్యా!”

ఆ పిలుపు ఒక్కసారే వినబడింది. తక్కింది స్పీకర్లు మింగేశాయి.

పాట ఆపించి, దీపాలు వేసి, మనుషుల్ని ఒక్కొక్కరినే లాగారు. అందరికన్నా కింద, ఆ మూలలో, చెల్లెలుంది.

ఆసుపత్రి వరండా దాకా కాపలావాడొకడు వెంట వచ్చాడు. వెళ్లలేక, ఉండలేక గోడకు జారబడ్డాడు.

“ఇందాకటాయన ఆ గోదాములో జరిగే ప్రతి కచేరీకీ వస్తాడండీ. ఎవరో నాకూ తెలీదు. ఒక్క పాటా వినడు. ఆ మూల పట్టుకుని, తోపు వచ్చినప్పుడల్లా చేతులు అడ్డం పెడతాడు. ఎందరు పిల్లల్ని పక్కకి లాగాడో.”

“మరి... తెలిసీ గెంటేశారేం?”

“ఆడపిల్ల మీద చెయ్యేశాడని మీరన్నాక నేనూ నమ్మాను కదండీ. తలుపు బయట నా కాళ్లు పట్టుకున్నాడు, లోపలికి పోనియ్యమని. కాలితో తన్ని పంపించాను.”

లోపలినుంచి డాక్టరమ్మ వచ్చింది.

“అన్నయ్య మీరేనా?”

కంచె తల ఊపాడు.

“ఊపిరి అందక అక్కడే పోయింది. అమ్మానాన్నలకి కబురు పెట్టండి.”

ఫోను తీశాడు. అమ్మ పేరు నొక్కడానికి వేలు రాలేదు. బల్ల మీద కూలబడ్డాడు. కాపలావాడు ఎప్పుడు వెళ్లిపోయాడో తెలియదు.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చిరిగిన ఇస్త్రీ చొక్కా. వాచిపోయిన కన్ను. పెదవి మీద ఆరని నెత్తురు. చేతిలో నీళ్ల గ్లాసు.

“తాగు బాబూ.”

కంచె అందుకోలేకపోయాడు.

“మీరు... మీరెందుకొచ్చారండీ ఇక్కడికి?”

ఆయన గ్లాసును మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“పోయినేడు మా అమ్మాయినీ ఆ మూలలోంచే ఇక్కడికి తీసుకొచ్చారు. నేనీ బల్ల మీద కూర్చుంటే పక్కన పలకరించే మనిషి లేకపోయాడు.”