ఊపిరాడని పెట్టె

క్యారవాన్ చల్లబడేదాకా తన ముందుకి ఒక్క కాగితం కూడా రాకూడదని సత్యమూర్తి చెప్పేశాడు.

తోంగ్‌పాల్ ఊరు దాటాక రోడ్డు పక్కనే ఖనిజాలు వెతికే ఒక కంపెనీ క్యాంపు ఉంది. దానికి ఆయన మేనేజరు. గురువారం కంపెనీ డైరెక్టరు వచ్చి మూడు రోజులు ఉంటాడు. గెస్ట్‌హౌస్‌లో ఆయనకి నిద్ర పట్టదట. అందుకని ఒక పాత బస్సు కొని, అందులో మంచం, వంటగట్టు, స్నానాలగది, స్ప్లిట్ ఏసీ పెట్టించి క్యారవాన్ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఏసీ మాత్రం ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతోంది. బయట మే నెల.

ఏసీ బయటి మిషన్ బస్సు వెనక ఒక ఇనప పెట్టెలో ఉంది. ఆ పెట్టె ఆలోచన సత్యమూర్తిదే. ఎర్రదుమ్ము పోకూడదని నాలుగు వైపులా రేకు కొట్టించి, అతుకులకి లప్పం పెట్టించాడు. సందులు పశువుల పాకలకి ఉంటాయన్నాడు. పైన కంపెనీ గుర్తు కూడా వేయించాడు. పొంగుతున్న పాలగిన్నెకి మూత బిగించి, మూత మీద ముగ్గు పెట్టినట్టుంది.

కిరండూల్ నుంచి మెకానిక్ బంగారురాజుని పిలిపించారు. అతను పెట్టె మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు.

"దీనికి ఊపిరాడట్లేదండి. వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటోంది."

"మిషన్‌కి ఊపిరేంటయ్యా? గ్యాస్ తక్కువై ఉంటుంది. చూడు."

గ్యాస్ సరిగ్గానే ఉంది. బంగారురాజు కొలిచి చూపించాడు. సత్యమూర్తి ఆ ముల్లు వంక చూడలేదు. ఆయన దేన్నీ చూడడు. మామూలు రోజుల్లో పొద్దున టీ చల్లారేలోగా ముప్ఫై కాగితాల మీద పచ్చ సిరాతో సంతకాలు పెడతాడు. గెజిటెడ్ ఆఫీసరేమీ కాదు. ఆ రంగంటే ఇష్టం, అంతే.

క్యాంపు ఊడ్చే జోగే నాలుగు రోజులుగా ఆయన గది గుమ్మం దగ్గర నిలబడుతోంది. ఆమె ఇల్లు క్యాంపు కంచెకి అవతలే, కంపెనీ తీసుకున్న నేలలో. చేతిలో నాలుగు మడతల కాగితం. సాబ్ ఒక్కసారి చూస్తే చాలని హిందీలో అంటుంది. శుక్రవారంలోగా చూడాలంటుంది. ఆయన ఆమె కనబడ్డప్పుడల్లా చెయ్యి విదిలిస్తాడు. వీళ్ళకి రోజుకో అర్జీ అంటాడు. చదువురాని వాళ్ళకే కాగితాల పిచ్చి ఎక్కువని కూడా అన్నాడు, ఆమె ముందే. తెలుగు నేల సరిహద్దు పల్లెలో పుట్టిన మనిషికి తెలుగు వస్తుందని ఆయనకి తోచలేదు.

బుధవారం మధ్యాహ్నానికి ఏసీ పదకొండోసారి ఆగింది. సత్యమూర్తి బాగా ఆలోచించి పెట్టెలో రెండు టేబుల్ ఫ్యాన్లు పెట్టించాడు. లోపలి వేడి లోపలే మరింత హుషారుగా తిరిగింది. ఇక చేసేదేముంది, ఆయన భోజనానికి వెళ్ళాడు.

బస్సు నీడలో అన్నం క్యారియర్ విప్పిన బంగారురాజు దగ్గరికి జోగే వచ్చి కూర్చుంది.

"ఏంది తమ్మీ, ఇయ్యాల గూడ చల్లగ కాదా?"

"పెట్టె కోస్తే అవుద్దక్కా. చదువుకున్నోళ్ళు గీసిన బొమ్మ లేకుండా రేకు మీద చెయ్యి వెయ్యొద్దన్నారు. నాకు కొయ్యడమే వచ్చు, గీయడం రాదు."

"బండి చల్లగైతె నా కాయితం చూస్తడా?"

"చూస్తానన్నారు కదా. ఏటుంది అందులో?"

ఆమె మడతలు విప్పి ఇచ్చింది. ఒకవైపు హిందీలో టైపు చేసిన పది వరసలు. రెండోవైపు ఒక బొమ్మ. బంగారురాజు హిందీ చదివాడు. తిప్పి బొమ్మ చూశాడు. మళ్ళీ హిందీ చదివాడు. తర్వాత అన్నం తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

బొమ్మని స్కేలు పెట్టి శుభ్రంగా గీశారు. కింద గాలి దూరే అల్లిక. పైన, అంచులకి తగలకుండా ఎత్తి నిలబెట్టిన కప్పు. గాలి ఎక్కడ లోపలికి వస్తుందో, ఎక్కడ బయటికి పోతుందో ఎర్ర బాణాలు.

"అక్కా, ఇది సాయంత్రం దాకా నా దగ్గర ఉంచు" అన్నాడు.

సత్యమూర్తి కునుకు తీసిన రెండు గంటల్లో పని అయిపోయింది. బంగారురాజు కింది రేకు కోసి జల్లెడ బిగించాడు. పైరేకుని నాలుగు కాళ్ళ మీద ఎత్తాడు. వేడిగాలి వెనక్కి మళ్ళకుండా మధ్యలో ఇంకో రేకుని ఏటవాలుగా నిలబెట్టాడు.

సత్యమూర్తి లేచి వచ్చి, కోసిన పెట్టెని చూసి మండిపడ్డాడు. కంపెనీ గుర్తు సగానికి పోయింది మరి. ఆ కోపంతోనే బస్సెక్కాడు. గంటసేపు దిగలేదు. దిగేటప్పుడు చలికి చేతులు రుద్దుకుంటున్నాడు.

"ఎవరి డిజైనయ్యా ఇది? నీది మాత్రం కాదు."

"నాది కాదండి" అని బంగారురాజు కాగితాన్ని బొమ్మ పైకి వచ్చేలా అందించాడు. జోగే చీపురు పట్టుకుని పక్కనే ఉంది.

సత్యమూర్తి ఎన్నడూ లేనిది ఒక కాగితాన్ని నిమిషం సేపు చూశాడు. గీతలు మెచ్చుకున్నాడు. బాణాలు మెచ్చుకున్నాడు. చదువుకున్న బుర్ర తేడా ఇక్కడే తెలుస్తుందని జోగే వైపు చూస్తూ అన్నాడు.

"గాలి ఇలా ఆడాలి. లోపల ఎవరున్నా హాయిగా ఉంటారు."

దీన్ని హెడ్డాఫీసుకి పంపుతానన్నాడు. జేబులోంచి పెన్ను తీసి బొమ్మ కిందే రాశాడు: 'కట్టుబడి అత్యుత్తమం. ఇకపై అన్నీ ఇలాగే కట్టవలెను.' పొడవుగా సంతకం పెట్టాడు.

సిరా ఆరేలా ఊది, గీసిన ఇంజినీరు పేరు కోసం కాగితాన్ని వెనక్కి తిప్పితే, బొమ్మలో చూపినట్టు గోడలు కప్పుని తాకడం లేదు కనుక జోగే ఇల్లు మనుషులు ఉండటానికి పనికిరాదని, శుక్రవారం కూల్చివేయవలెనని ఉన్న నోటీసు కింద, పోయిన వారం తను పెట్టిన పచ్చ సంతకం కనబడింది.